బకెట్టుకి లైఫ్ జాకెట్టు

మిల్టన్ ఓడ్‌గార్డ్‌ని తెలివితక్కువవాడని నేను అనను. గాలానికి గుచ్చే బతికున్న ఎర చేపల సంగతిలో టామరాక్ సరస్సు చుట్టుపక్కల అతన్ని మించినవాడు లేడు. తన ప్రాణం దగ్గరికి వచ్చేసరికే ఆ బుర్ర పనిచేయదు. ఇరవై రెండేళ్ళుగా ఈ ఒడ్డున ఎరల కొట్టు నడుపుతున్నాను, రెండూ కళ్ళారా చూసిందాన్ని.

కొట్టులో అడుగుపెడుతూనే నా ఎర చేపల తొట్టిలో వేలు ముంచుతాడు.

"ఏం డార్లా, ఇంత వెచ్చగా ఉన్నాయి నీళ్ళు? చేపలకి పులుసు పెడుతున్నావా?"

కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఉంటుందని ఇంటి బావి నీళ్ళే తెచ్చుకుంటాడు. నేనిచ్చిన చేపల్ని వెంటనే అందులో వదలడు. సంచిని అలాగే తన బకెట్టులో అరగంట తేలనిచ్చి, లోపలి చల్లదనం బయటి చల్లదనం ఒకటయ్యాకే మూతి విప్పుతాడు. రెండు డజన్లకి ఒక్కటి ఎక్కువైనా వాటికి ఇరుకంటాడు. వట్టి చేత్తో ముట్టనివ్వడు, చిన్న వలతో తీయాల్సిందే. ఏదైనా చచ్చి తేలితే, మిగతావాటి నీళ్ళు పాడవకముందే ఏరి పారేస్తాడు. బకెట్టులో గాలి బుడగలు వదిలే మోటారు ఆగిపోతుందేమోనని కోటు లోపలి జేబులో బ్యాటరీలు దాచుకుంటాడు. ఇంత మురిపెం వాళ్ళావిడకి ఒక్కనాడైనా దక్కిందా అంటే, నాకు నమ్మకం లేదు.

చలికాలం సరస్సు గడ్డకడితే, ఆ మంచుకి కన్నం తవ్వి గాలం వేస్తాం ఇక్కడ. మేమంతా మంచు మీద అడుగు వేసేముందు గడ్డపారతో పొడిచి చూస్తాం. నాలుగు అంగుళాల గట్టి మంచు లేకపోతే వెనక్కి తిరుగుతాం. మంచు విరిగి నీళ్ళలో పడితే అంచున గుచ్చి పైకి పాకడానికి మేకులు దిగేసిన రెండు చెక్క పిడులు మెడలో వేసుకుంటాం. మిల్టన్ దొరగారికి గడ్డపార బరువట. పిడులు గరాజులో దుమ్ము తింటున్నాయి. ఒక క్రిస్మస్‌కి వాళ్ళావిడ లవోన్ ఎర్ర లైఫ్ జాకెట్టు కొనిస్తే, దాన్ని తీసుకెళ్ళి బకెట్టుకి చుట్టాడు. నీళ్ళు గడ్డకట్టకుండా ఉంటాయట!

"ఆయనకి ఈత కూడా రాదు డార్లా," అంటూ లవోన్ నా కొట్టులో కూర్చుని కళ్ళు తుడుచుకుంది. "ఆయనకేమైనా అయితే నేనేమైపోవాలి?"

మొన్న డిసెంబరులో సరస్సుకి మంచు పట్టి ఐదు రోజులే అయింది. వాగు వచ్చి కలిసే మూలకి ఎవరూ పోరు. అడుగున నీళ్ళు కదులుతుంటే పైన మంచు పలచబడుతుందని ఇక్కడ పసిపిల్లల్ని అడిగినా చెబుతారు. మిల్టన్ సరిగ్గా అటే బయలుదేరాడు, బకెట్టుని మంచు మీద జారే బండి మీద ఈడ్చుకుంటూ.

"గడ్డపార ఏదయ్యా?" అని కిటికీలోంచి అరిచాను.

"ఎందుకూ? ముందే ఎవరో నడిచారు, అడుగులున్నాయి!"

"అవి నక్క అడుగులు! నువ్వూ నక్కా ఒకటే బరువా?"

చెయ్యి ఊపి సాగిపోయాడు.

పావుగంటకి ఫట్‌మని చప్పుడైంది. అంబులెన్సుకి ఫోన్ చేసి, గోడకున్న తాడు అందుకుని పరిగెత్తాను. దగ్గరవుతూనే బోర్లా పడుకుని పాకాను. గుండెల దాకా నీళ్ళలో, జాకెట్టు చుట్టిన బకెట్టుని కావలించుకుని తేలుతున్నాడు మిల్టన్.

"వచ్చిన దారివైపు తిరుగు! అటు మంచు నిన్ను మోసింది! కాళ్ళు కొట్టు!" అంటూ తాడు విసిరాను.

ఆ మహానుభావుడు తాడు వదిలేసి బకెట్టుని నా వైపు నెట్టాడు.

"ముందు... ఇది పట్టుకో. మూత... తీయకు."

బకెట్టు చేతిలోంచి జారగానే గెడ్డం దాకా మునిగాడు.

"ఓరి నీ బకెట్టు పాడుగాను! తాడు చంకల కింద చుట్టుకో!"

ఎలా లాగానో నాకే తెలియదు. పైకి రాగానే లేచి నిలబడబోయాడు. మంచు మళ్ళీ విరుగుతుందని తిట్టి, అతన్ని దొర్లిస్తూ, బకెట్టుని ఈడుస్తూ ఒడ్డుకి తెచ్చాను.

అంబులెన్సు వచ్చేలోగా, కబురు తెలిసి పరిగెత్తుకొచ్చిన లవోన్ అతన్ని మా కొట్టు వెనక గదిలో పడుకోబెట్టి, తడిబట్టలు విప్పి దుప్పట్లు చుట్టింది. పొయ్యి దగ్గరికి పోతానని వణుకుతూ బతిమాలాడు.

"కుదరదు. చలిలోంచి ఒక్కసారిగా వేడిలోకి వస్తే చేపలు చచ్చిపోతాయని ఊరందరికీ చెప్పేది నువ్వే కదా? మెల్లగా, మెల్లగా," అంటూ గోరువెచ్చని తీపి పాలు కొద్దికొద్దిగా తాగించింది.

నోరు స్వాధీనంలోకి రాగానే అతని మొదటి మాట, "ఎన్ని బతికాయి?"

బకెట్టులో ఇరవై నాలుగూ హాయిగా ఈదుతున్నాయి. కచ్చగా ఉండి నేను చెప్పలేదు.

"ఒకటి," అంది లవోన్.

"రెండు డజన్లకి ఒక్కటేనా!" అని అదిరిపడ్డాడు.

"నేను లెక్కపెట్టింది నిన్నొక్కణ్ణే," అని ఆమె బావురుమంది. మిల్టన్ దుప్పట్లోంచి చెయ్యి చాపి ఆమె చెయ్యి పట్టుకున్నాడు. అలా పట్టుకోవడం నేను చూడటం అదే మొదలు.

పై వారం లవోన్ కొట్టుకి వచ్చి ఇంకో లైఫ్ జాకెట్టు అడిగింది, చిన్న సైజుది.

"ఎవరికి?" అన్నాను.

"బకెట్టుకి. లేకపోతే ఒంటి మీదది విప్పి మళ్ళీ దానికే చుడతాడు."