చివరి వరుసలో ఎగ్జిట్

నేను చల్లపల్లిలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసేవాణ్ణి. ఆ రోజు మా పిల్లలకు ఉద్యోగం కోసం ఆన్‌లైన్ పరీక్ష. పదింటికి మొదలు, పావుగంట దాటితే లోపలికి రానివ్వరు. మావన్నీ లినక్స్ సిస్టమ్‌లు. లాగిన్ కాగానే పరీక్ష పేజీ దానంతటదే తెరుచుకునేలా ముందురోజే అన్నిటిలో స్టార్టప్ స్క్రిప్టు రాసిపెట్టాను. దాన్ని విడిగా నడిపి చూసి, నా భుజం నేనే తట్టుకున్నాను.

తీరా పిల్లలు పాస్‌వర్డ్ కొడితే, తెర నల్లబడి మళ్లీ పాస్‌వర్డే అడిగింది. ప్రతి సిస్టమ్‌దీ అదే వరస.

హంసలదీవి నుంచి తొలి బస్సుకు వచ్చిన సలోమి లేచింది. "సార్, స్క్రిప్టు చివర ఎగ్జిట్ రాశారేమోనండీ. అది లాగిన్‌ని కూడా మూసేస్తుందేమో."

"నాకే పాఠాలా? కూర్చోమ్మా!" అని కసిరాను. ప్రతి స్క్రిప్టునూ ఎగ్జిట్‌తోనే ముగించాలని వాళ్లకు నేర్పిన మహానుభావుణ్ణి నేనే మరి.

కేబుళ్లు పీకాను, పెట్టాను. సిస్టమ్‌లు ఆపాను, వేశాను. అరగంటకు దిక్కుతోచక, నా అడ్మిన్ లాగిన్‌తో వెళ్లి ఆ ఒక్క మాట తీసేస్తే డెస్క్‌టాప్ వచ్చింది, పరీక్ష పేజీ తెరుచుకుంది. దాని మీద 'సమయం ముగిసింది' అని ఉంది.

"పోన్లెండి సార్, కావాలని చేశారా ఏంటి" అంది సలోమి. తిట్టినా బాగుండేది.

మొన్న బందరులో బట్టల షాపుకు వెళ్తే, అక్కడ సలోమి చీరలు మడతపెడుతూ కనిపించింది. "రండి సార్, కూర్చోండి" అంటూ స్టూలు జరిపింది.

నేను ఆ రోజు అన్న మాటే అది. కూర్చోలేకపోయాను.