పౌడర్ సార్ మొహానికి ద్రాక్ష గింజల పూత

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ లోకంలో ఏమీ లేదు. బయోకెమిస్ట్రీలో ఎమ్మెస్సీ మొదటి ఏడాది పూర్తయితే ఎవరికైనా అలాగే ఉంటుంది (రెండో ఏడాదిలో ఆ జబ్బు దానంతటదే తగ్గుతుంది). వేసవి ప్రాజెక్టు కోసం మా మేడమ్, వైన్ తీశాక మిగిలిన ద్రాక్ష పిప్పి బస్తాల కొద్దీ తెప్పించారు. అందులోని గింజల్లో ఏమేం మంచి గుణాలున్నాయో తేల్చడం మా పని. లాబ్‌లో తేల్చింది చాలక, మిగిలిన అర బస్తా ఎత్తుకుని కొత్తగూడెం రైలెక్కాను. దాని పులిసిన వాసనకు నా చుట్టుపక్కల సీట్లన్నీ ఖాళీ అయ్యాయి. హాయిగా కాళ్లు చాపుకుని ఇల్లు చేరాను.

ఇంట్లో హడావిడిగా ఉంది. నాన్న రిటైర్మెంట్ దగ్గర పడింది. ఆయన బొగ్గుగని టైం ఆఫీసులో గుమస్తా. గనిలోకి దిగేవాళ్ల హాజరు వేయడమే తప్ప ఆయన ఏనాడూ దిగింది లేదు. ఎప్పుడూ తెల్ల చొక్కా, మొహానికి దట్టంగా పౌడరు. అందుకే గనివాళ్లంతా ‘పౌడర్ సార్’ అని పిలిచేవారు. ఆయన నవ్వేసేవాడు గానీ, ఆ పేరు లోపల ఎక్కడో గుచ్చుకునేదని మాకు తెలుసు. మా దగ్గర గని కార్మికుడు రిటైరైతే తోటివాళ్లు డప్పులతో ఇంటిదాకా ఊరేగించి తెస్తారు. “నాకెవరొస్తరే? బొగ్గు ముట్టనోణ్ణి,” అని నాన్న అమ్మతో అన్నాడట. ఆయన దిగులు అది. కనీసం రిటైర్మెంట్ ఫోటోలోనైనా ఆయన మొహం వెలిగిపోవాలని అమ్మ ఆశ. సరిగ్గా ఆ ఆశ మీదికి నేను అర బస్తాతో దిగాను.

“ఈ గింజల నూనె ఉంటది నాన్నా. దాంట్ల లినోలియిక్ ఆమ్లం. చర్మం ఎండిపోకుండ చూస్తది.”

“ఆమ్లమంటే యాసిడే గదనే! మొహం కాలదా?” అంది అమ్మ.

“ఇది కొవ్వు ఆమ్లమమ్మా. పల్లీ నూనెల గూడ ఉంటది. రోజూ తింటనే ఉన్నం.”

“వైన్ తీసిన చెత్త నా మొహానికా? దగ్గరికొచ్చినోళ్లు తాగొచ్చిండు అనుకుంటరు,” అని నాన్న గొణిగాడు.

నేను వదల్లేదు. పాలీఫినాల్స్ అన్నాను, టానిన్లు అన్నాను, మొహం నిగనిగలాడుతుందన్నాను. అమ్మ బుద్ధిగా గింజలు కడిగి ఎండబెట్టి, చాటలో చెరిగి తొక్కలు పోగొట్టి, మిక్సీలో పొడి కొట్టింది. పెరుగు, నిమ్మరసం కలిపి రాత్రంతా నానబెట్టమన్నాను. ఎందులో నానబెట్టాలో మాత్రం చెప్పలేదు (మా టెక్స్ట్‌బుక్కులో గిన్నెల గురించి లేదు). అమ్మకు అడగాల్సిన అవసరమే రాలేదు. తలకు పెట్టుకునే గోరింటాకు పొడిని ఆమె ఎప్పుడూ ఇనుప మూకుడులోనే నానబెడుతుంది, జుట్టుకు నల్లగా పట్టాలని.

రిటైరయ్యే రోజు పొద్దున్నే నాన్నను వరండాలో కూర్చోబెట్టాం. మూకుడులో ముద్ద నల్లగా ఉంది.

“ఏందే గింత నలుపు?” అంది అమ్మ.

“పాలీఫినాల్సమ్మా! నలుపెంతుంటే బలమంత,” అన్నాను. ఆ ధీమా ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆరాక కడిగితే ముద్ద పోయింది, నలుపు పోలేదు. టానిన్లూ ఇనుమూ కలిస్తే సిరా తయారవుతుందని అప్పుడు గుర్తొచ్చింది. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే పడ్డాయి. సబ్బు, శనగపిండి అన్నీ అయ్యాయి. నిమ్మచెక్కతో రుద్దితే నుదుటి మీద ఒక చార మాత్రం తెల్లబడి ఇంకా ఘోరంగా తయారైంది. అమ్మ ఏడుపందుకుంది. “ఇయ్యాల్నే గిట్ల కావాల్నా!” నాన్న అద్దంలో చాలాసేపు చూసుకుని, అలవాటు కొద్దీ పౌడర్ డబ్బా అందుకున్నాడు. పౌడరు పడేసరికి అచ్చం బూడిద గుమ్మడికాయ. నాకు నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు. ఆయన పౌడరంతా తుడిచేసి, తెల్ల చొక్కా తొడుక్కుని, “పాండ్రి” అంటూ గుమ్మం దిగాడు.

మేం గని దగ్గరికి చేరేసరికి నైట్ షిఫ్టు వాళ్లు పైకొస్తున్నారు, అందరి మొహాలూ బొగ్గే. మా పక్క క్వార్టర్ బాబాయి, గని లోపల కార్మికుల పని చూసుకునే సర్దారు, నాన్నను చూసి ఆగిపోయాడు. ఇంటి నుంచి పట్టుకొచ్చిన నిమ్మచెక్కను నేను వెనక్కి దాచుకున్నాను.

“అరె, పౌడర్ సార్! ఎప్పుడు దిగినవన్నా? మాకు కనవడకపోతివి!”

“ఇదే ఫస్టు షిఫ్టు తమ్మీ, ఇదే లాస్టు,” అన్నాడు నాన్న.

గని దద్దరిల్లేలా నవ్వులు. అందరికంటే గట్టిగా నాన్నే నవ్వాడు. అంతలో గేటు అవతల డప్పులు మోగాయి. “డప్పులోళ్లకు నిన్ననే చెప్పి పెట్టినం. మేం రామనుకున్నవా?” అంటూ బాబాయి వంగి, స్నానం కూడా చేయని భుజాల మీదికి నాన్నను ఎత్తుకున్నాడు. ఇల్లు చేరేసరికి తెల్ల చొక్కా కూడా నల్లబడింది. నాన్న కళ్లు తుడుచుకున్నాడు, నల్లటి చేత్తోనే.

ఆ రంగు పోవడానికి చాలా రోజులు పట్టింది. ఆయనా తొందరపడి రుద్దుకోలేదు. ఫోటో ఎడిట్ చేస్తానన్న ఫోటోగ్రాఫర్‌తో “ముట్టకు” అన్నాడు. ఇప్పుడు ద్రాక్ష గింజల నూనె చిన్న గాజు సీసాల్లో దొరుకుతోంది, నేనూ రాత్రిపూట రెండు చుక్కలు రాసుకుంటాను (సీసా గాజుదేనా అని చూసుకున్నాకే). ఇంటికి వెళ్లినప్పుడల్లా హాల్లో ఆ ఫోటో ముందు ఆగుతాను. భుజాల మీద నాన్న, ఆ వెనక నిమ్మచెక్క పట్టుకుని పరుగెత్తుకొస్తున్న ఓ ఎమ్మెస్సీ మొదటి ఏడాది పిల్ల. అంత జరిగినా, ఇంకొంచెం రుద్దితే పోతుందన్న నమ్మకం దాని మొహంలో చెక్కుచెదరలేదు. దాన్ని చూస్తే నవ్వొస్తుంది, కాస్త అసూయగానూ ఉంటుంది.