మూడు రోజులు దాటిన మంచిరోజు

సనూర్ బజారులో సుకెర్తి చేతి బుట్టలకు మంచి గిరాకీ. లేత కొబ్బరాకు మడిచి, వెదురు పుల్ల గుచ్చి, పూలు పేర్చి దేవుడి ముందు పెట్టే చిన్న బుట్టలవి. ముప్ఫై ఏళ్లుగా ఆమెకు అదే బతుకుదెరువు. పనిలో ఎంత నేర్పరో రోజుల పట్టింపులో అంత మొండిమనిషి. బాలిలో పంచాంగం చూడనివాళ్లు ఎవరున్నారు గాని, ఈవిడ కొత్త చీపురు వాడటానికి కూడా రోజు చూసేది. ఇరుగుపొరుగు నవ్వితే, "నవ్వండి, నష్టపోయింది నేను గదా" అనేది.

ఆ మాట ఊరికే అనేది కాదు. భర్త ఒకుబో జపాన్ మనిషి. కూతురు హరుమికి తొమ్మిదేళ్లప్పుడు, రోజు బాగాలేదని ఈమె మొత్తుకుంటున్నా వినకుండా ఆపరేషనుకు వెళ్లాడు. మళ్లీ ఇంటికి రాలేదు.

హరుమికి పుట్టుకతోనే రెండు దేశాల పౌరసత్వం. పద్దెనిమిది దాటాక, ఇరవై ఒకటి నిండేలోగా ఒకటి వదులుకోవాలి. ఏది వదలాలో ఆ పిల్లకు సందేహమే లేదు. పుట్టి పెరిగింది ఇక్కడ, పండుగకు గుడిలో నాట్యమాడేది ఇక్కడ. ఆఫీసుకు వెళ్లి, జపాన్ పౌరసత్వం వద్దని రాసి సంతకం పెడితే సరిపోయేది.

"రేపు వెళ్లొద్దామమ్మా."

"మీ నాన్న నీకిచ్చింది అదొక్కటేనే. దాన్ని వదిలేసేది మంచీచెడూ చూడకుండానా?"

అలా చూద్దాం చూద్దామంటూ దాదాపు మూడేళ్లు సాగదీసింది. నిజం చెప్పాలంటే ఆమెకే మనసొప్పలేదు. చివరికి గుడి పూజారి ఒక రోజు చెప్పాడు. సరిగ్గా ముందురోజు సుకెర్తి పెదనాన్న పోయాడు. దహనం అయ్యేదాకా నెలరోజులు మైల. రెండో మంచిరోజు గలుంగన్ పండుగ సెలవుల్లో పడింది. మూడోది హరుమి పుట్టినరోజు దాటిన మూడు రోజులకు.

"గడువు దాటిపోతుందమ్మా! సోమవారమే పోదాం. చెడ్డరోజైతే ఏమవుద్ది?"

"ఏమవుద్దో నేను చూశాను. మీ నాన్న కూడా ఇట్లాగే అన్నాడు." అంది సుకెర్తి. "మూడు రోజులకే గవర్నమెంటు కొంప మునగదులే."

తండ్రి పేరెత్తితే ఆ ఇంట్లో వాదన అక్కడితో ఆగిపోతుంది. గవర్నమెంటు కొంప నిజంగానే మునగలేదు.

శుక్రవారం తల్లీకూతుళ్లు కొత్త బట్టలు కట్టుకుని, చెవుల్లో పూలు పెట్టుకుని ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా కాగితాలు రెండుసార్లు తిరగేశాడు.

"అమ్మా, పుట్టినరోజు మంగళవారం అయిపోయింది. గడువు దాటితే ఇక్కడి పౌరసత్వం పోయినట్టే. ఇప్పుడీ అమ్మాయి విదేశీయురాలు."

"ఎవరు? ఇదా?" సుకెర్తికి ముందు నవ్వొచ్చింది. "నాయనా, మంగళవారం ఎంత చెడ్డదో తెలియదా నీకు? ఇవాళ్టి రోజు చూడు. నీ గోడమీదా అదే పంచాంగం ఉందిగా!"

అతను గోడవైపు చూసి తల దించుకున్నాడు. "తెలుసమ్మా. మా మరదలి పెళ్లి కూడా ఇవాళే. కానీ చట్టం రోజు చూడదు. మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చు. ఏళ్లు పడుతుంది, వస్తుందని చెప్పలేను. ఈలోపు ఇక్కడ ఉండాలంటే ఎవరో ఒకరు పూచీ ఉండాలి."

"నేనున్నాను."

అతను ఒక కాగితం ముందుకు జరిపాడు. సుకెర్తి కళ్లద్దాలు పెట్టుకుంది. విదేశీయురాలి పేరు. విదేశీయురాలికి మీరేమవుతారు. తల్లి, అని రాసింది. ఆ కింద, ఈ దేశంలో ఎందుకు ఉండదలచింది, అని ఉంది. అక్కడ కలం ఆగిపోయింది. తన మొండితనమే కూతురికి ఈ గతి పట్టించిందని అప్పటికి ఆమెకు పూర్తిగా తెలిసింది.

"ఏం రాయనే?"

హరుమి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇంట్లో ఉండటానికని రాయమ్మా. రాసి సంతకం పెట్టు. ఇవాళ మంచిరోజేగా."

సుకెర్తి రాసి, సంతకం పెట్టింది. చెవిలోని పువ్వు జారి కాగితం మీద పడింది. గుమాస్తా దాన్ని పక్కకు తీసి, ముద్ర వేశాడు.