కాలిన నేల పక్షాన మా సుగుణ గారు

మా ప్రొఫెసర్ మేరీ సుగుణ గారు గత మంగళవారం కెనడాలోని సస్కటూన్‌లో కన్నుమూశారు. ఆ కబురు నేను నమ్మలేదు. ఆ ఉదయమే నా వ్యాసంలో నాలుగు తప్పులు పట్టి పంపిన మనిషి మధ్యాహ్నానికి లేరంటే ఎలా నమ్మడం? నాకు దుఃఖం కన్నా ముందు కోపం వచ్చింది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

కార్చిచ్చు తర్వాత చిత్తడి నేలకు ఏమవుతుందన్నది ఆమె జీవితకాలపు అన్వేషణ. వేల ఏళ్లుగా నాచు పేరుకుని ఏర్పడే ఆ నల్లటి మెత్తటి నేలను పీట్ అంటారు. గుంటూరు నుంచి వచ్చిన ఆ విదుషీమణి చేతిలో ఎప్పుడూ ఉండే పరికరం పసిపిల్లలకు మందు వేసే డ్రాపర్. కాలిన నేల మీద ఒక నీటి చుక్క వేసి, అది ఇంకేదాకా అంకెలు లెక్కపెట్టేవారు. "మనం ఆర్గ్యూ చేయొద్దమ్మా, చుక్కని చెప్పనివ్వు" అనేవారు.

రెండేళ్ల క్రితం ఉత్తరాన ఒక చిత్తడి కాలింది. అది చచ్చిపోయిందని తేలితే కాలువలు తీసి పీట్ తవ్వుకోవడానికి ఒక కంపెనీ కాచుకుని ఉంది. పరీక్ష నాకు అప్పగించారు. అంతకుముందు నేను పనిచేసింది గోధుమ పొలాల మట్టితో. ఆ అలవాటు కొద్దీ నమూనాలన్నీ ఓవెన్‌లో ఎండబెట్టి చుక్కలు వేశాను. చేమాకు మీద వేసినట్టు ఒక్కటీ ఇంకలేదు. నేల లోతువరకూ నీటిని పీల్చే గుణం కోల్పోయిందని ప్రభుత్వానికి రిపోర్టు పంపేశాం.

వారం తర్వాత ఆమె నా టేబుల్ దగ్గరకు వచ్చారు.

"శాంపిల్స్ డ్రై చేశావా?"

"చేశాను మేడమ్. ప్రొటోకాల్ అదే కదా."

"అది పొలం మట్టికమ్మా. పీట్‌ని పూర్తిగా ఆరబెడితే కాలనిది కూడా నీళ్లు పీల్చదు. దీన్ని చంపింది మంట కాదు, మన ఓవెన్."

డెబ్బైకి దగ్గరపడిన ఆమె మర్నాడే రబ్బరు బూట్లు వేసుకుని వెళ్లి ఆ చిత్తడిలో మోకాళ్ల మీద కూర్చున్నారు. కాలిన పైపొర మీద చుక్క అలాగే నిలిచింది. చెంచాతో రెండంగుళాలు గీకి వేస్తే క్షణంలో ఇంకింది. రిపోర్టును వెనక్కి తీసుకుంటూ, తప్పంతా తనదేనని లేఖ రాసి ఒక్కరే సంతకం చేశారు. నేను అడ్డుపడితే, "ఈ దేశంలో ఉండిపోవడానికి నీ పీఆర్ ఇంకా రాలేదు, జాబ్ పర్మనెంట్ కాలేదు. నాకు పోయేదేముంది?" అన్నారు.

కంపెనీవాళ్లు ఆమెది చాదస్తమన్నారు. ప్రభుత్వం పెట్టిన విచారణ సభలో ఆమె వాదించలేదు. పైపొర గీకిన తడి నేల ముక్కను వాళ్ల ముందు పెట్టి, డ్రాపర్ వాళ్ల చేతికే ఇచ్చారు. వాళ్లు వేసిన మూడు చుక్కలూ ఇంకిపోయాయి. తవ్వకాల మీద నిర్ణయం వాయిదా పడింది, ఇప్పటికీ తేలలేదు.

అంత్యక్రియలైన మర్నాడు కంపెనీ మనిషి నాకు ఫోన్ చేశాడు. సుగుణ గారు లేరు కాబట్టి మొదటి రిపోర్టునే ఉంచుదామని, నేను ఊరుకుంటే చాలని అన్నాడు.

నేను ఊరుకోను. నమూనాలు ఎండబెట్టింది నేనేనని లేఖ రాసి, సంతకం చేసి, ఆమె లేఖకు జతపరిచి నిన్ననే పంపాను. ఉద్యోగం పోతే పోనీ. అలాంటి గురువు నాకిక ఈ జన్మలో దొరకరు. నా తప్పును మోసుకుంటూ ఆమె సమాధిలో ఉండడానికి మాత్రం నేను ఒప్పుకోను.

ఆ చిత్తడి బతికే ఉంది. అనుమానం ఉన్నవాళ్లు రండి. డ్రాపర్ ఇప్పుడు నా దగ్గరుంది.