ఎర్ర లైటు మీద బొట్టుబిళ్ల

మూడుసార్లు బాగు చేయించినా నా కారులో స్టీరింగు ముందు వెలిగే ఎర్ర బ్రేకు లైటు ఆరలేదు. బండిని ఆత్మకూరులో మెకానిక్ దగ్గర వదిలి ఉదయగిరి బస్సెక్కాను. దారిలో అతను ఫోన్ చేసి, లోపల పెద్ద సామానే మార్చాలన్నాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏం మార్చొద్దు. బ్రేకులు బాగానే పడతా ఉండాయి. ఆ లైటు మీద మా ఆమె బొట్టుబిళ్ల అతికించుకుంటాలే," అని ఫోన్ పెట్టేశాను.

పక్క సీటులోని పెద్దాయన నా వైపు తిరిగాడు.

"నేనూ అట్నే అతికించినాను నాయనా. మా ఆమే నొసటి మీది బిళ్ల తీసి ఇచ్చింది. మర్రిపాడు దాటినాక ఘాట్ దిగేటప్పుడు బ్రేకు పడలా." తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. "బండి ఇంటికాడే ఉండాది. బిళ్ల కూడా అట్నే ఉండాది. ఆమే లేదు."

తర్వాతి స్టాపులో నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి దిగిపోయాడు.

బస్సు కదలకముందే మెకానిక్‌కు ఫోన్ చేశాను. ఎంతవుతుందని అడగలేదు.

ఇప్పుడు తాళం తిప్పగానే, అన్ని కార్లలో లాగే, ఆ లైటు కాసేపు వెలిగి ఆరిపోతుంది.

"ఏంది, ఇంకా కదలరే?" అంటుంది పక్కన కూర్చున్న మా ఆమె.

అది ఆరేదాకా నేను కదలను.