విడిది పేరున్న భాష

ఢిల్లీ జామా మసీదు ఎదుట ఉర్దూ బజారులో రఫాఖత్ మియా చేతిరాత కోసం ఒకప్పుడు జనం పడిచచ్చేవాళ్ళు. ఆయన రెల్లు కలంతో శుభలేఖ రాస్తేనే పెళ్ళి జరిగినట్టు! ఇప్పుడెవరిక్కావాలి? కంప్యూటరొచ్చి ఆ కలాల్ని డబ్బాలో పడుకోబెట్టింది.

మనవరాలు తెహ్మీనా పెళ్ళి శుభలేఖలు కూడా హిందీలోనే అచ్చయ్యాయి. కొడుకు ఇర్షాద్ తేల్చేశాడు, పెద్దాయన పోట్లాడలేదు. ఒక్కటి మాత్రం పిల్ల కోసం తనే డబ్బాలోంచి కలం తీసి ఉర్దూలో రాశాడు. అది చదివి ఆ పిల్ల తన ముందే పకపకా నవ్వాలి. ఆయన కోరికల్లా అదే.

"మా ఇంటి పచ్చడి దొంగ పెళ్ళికి దయచేయండి. కోర్మాలో ఉప్పు తగ్గితే నన్ను తిట్టండి, పిల్లనేమీ అనకండి." ఇదీ ఆయన రాసింది.

చిన్నప్పుడు జాడీలోంచి పచ్చడి కాజేసే ఆ పిల్లే ఓసారి ఒళ్ళో కూర్చుని అడిగింది. "దాదాజాన్, ఉర్దూ అంటే ఏంటి?"

"టర్కీ మాట తల్లీ. సైన్యం దిగే విడిది అని. బాదుషా విడిదిలో తుర్కులూ, పఠాన్లూ, మన ఢిల్లీవాళ్ళూ ఒక్కచోటే తిని, ఉప్పెక్కువైందని తిట్టుకునేవాళ్ళు. ఆ మాటలకి విడిది పేరే పడింది."

"మరి విడిది ఎత్తేస్తే?"

"నీ నోరు మండ! ఎందుకెత్తేస్తారే?" అని నవ్వాడు.

పిల్లకి ఉర్దూ అక్షరాలు దిద్దిస్తానని పెద్దాయనంటే, "ముందు ఇంగ్లీషు పరీక్షలు కానివ్వండి అబ్బాజాన్," అనేవాడు ఇర్షాద్. సరేలే, వచ్చే ఏడు చూద్దాం అనుకునేవాడు ఈయన. ఆ వచ్చే ఏడు రానే లేదు. పిల్ల నమాజు కూడా హిందీ అక్షరాల్లో చూసే నేర్చుకుంది. ఉర్దూకీ, ఖురాన్ అరబ్బీకీ అక్షరాలు ఇంచుమించు ఒకటే కాబట్టి, ఇంట్లో ఆ లిపి కనబడిందంటే ఖురానే అని ఆమె లెక్క. ఈపాటికి పిల్లకి నాలుగు ఉర్దూ ముక్కలు వచ్చే ఉంటాయనుకున్న ఆయనకి ఆ సంగతెప్పుడూ తట్టలేదు, పాపం.

పెళ్ళికి ముందురోజు పొద్దున్నే కాగితం ఆమె చేతిలో పెట్టి, నవ్వు కోసం ఎదురుగా కూర్చున్నాడు.

తెహ్మీనా గబుక్కున దుపట్టా తలమీదికి లాక్కుంది. కాగితాన్ని ముద్దు పెట్టుకుని కళ్ళకద్దుకుంది. కుర్చీ ఎక్కి, ఖురాన్ ఉండే పై అరలో పెట్టింది.

"నాకోసం ఏం ప్రార్థన రాశారు దాదాజాన్?" అంది తడి కళ్ళతో.

పచ్చడీ, కోర్మా, ఉప్పూ ఆయన గొంతులోనే ఉండిపోయాయి. ఆయన ఆ పై అర వైపు చూశాడు. ఏ భాషలో తను వేళాకోళమాడాడో ఆ భాషకి, అది బతికుండగానే, పోయినవాళ్ళకి పెట్టినట్టు దండం పెట్టేశారు.

"నువ్వు చల్లగా ఉండాలని తల్లీ," అన్నాడు.

"ఆమీన్," అంది తెహ్మీనా.