రాజలింగం కట్టిన సినిమా గోడ

జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చి రాజలింగం ఇరవై రెండేళ్లుగా దుబాయ్‌లో గోడలు కడుతున్నాడు. తన గోడ ఒక్కటి కూలినా సుతారి పని మానేస్తానని సత్వా పేటలో తానుండే గదిలో తోటివాళ్లందరి ముందూ అంటుంటాడు. అలాంటివాణ్ణి పట్టుకుని, 2023లో, ఇరాన్ దర్శకుడు ఫరామర్జ్ కూలిపోయే గోడ కట్టమన్నాడు.

ఫరామర్జ్ టెహ్రాన్ వదిలి పదేళ్లయింది. తిరిగి వెళ్లే దారి లేదు గనక చిన్ననాటి వీధిని షార్జాలోని ఒక గోదాములో కట్టించి సినిమా తీస్తున్నాడు. హీరో ఆనుకోగానే గోడ కూలాలి, అవతలి పెరట్లో బట్టలారేస్తున్న పిల్ల కనపడాలి. ఫరామర్జ్ తొలిప్రేమ అలాగే మొదలైందట. సిమెంటు వద్దని, ఉత్త మట్టి చాలని వచ్చీరాని హిందీలో పదిసార్లు చెప్పాడు.

రాజలింగం తలూపాడు గానీ చెయ్యి ఊరుకోలేదు. ఎవరూ చూడకుండా మట్టిలో సిమెంటు కలిపి, గుండు వేలాడదీసి నిలువు చూసుకుంటూ మరీ కట్టాడు.

షూటింగ్ రోజు హీరో ఆనుకున్నాడు, తోశాడు, తన్నాడు. చివరికి ఫరామర్జే వచ్చి భుజంతో గుద్ది, నొప్పికి దాన్ని పట్టుకుని కూర్చుండిపోయాడు.

"సిమెంటు కలిపావా?"

"జరంత, సాబ్. మనసొప్పలే."

ఫరామర్జ్ గోడను చూసి నవ్వాడు. "అప్పట్లో మా గోడ నువ్వు కట్టుంటే నేనా పిల్లను చూసేవాణ్ణే కాదు. ఈ సినిమా కూడా ఉండేది కాదు."

ఆ మెచ్చుకోలును రాజలింగం ఇప్పటికీ గదికొచ్చిన ప్రతివాడికీ చెబుతాడు. మర్నాడు గోడ కూల్చే పని తన మెడకే చుట్టుకుందనీ, పొద్దంతా సుత్తితో బాదుతూ దాన్ని కట్టినవాణ్ణి తనివితీరా తిట్టాడనీ మాత్రం చెప్పడు.